పదో ఏడు రాకముందే మొదలుపెట్టాల్సిన మాట

మునగాల మీదుగా హైదరాబాద్–విజయవాడ రహదారి పోతుంది. ఆ రోడ్డు వెంట ఏ పాన్ డబ్బా ముందు నిలబడినా అమరిక ఒకే తీరుగా ఉంటుంది. పైన వేలాడే పాన్ మసాలా సాచెట్లు, కింద సీసాల్లో చాక్లెట్లు, బిస్కెట్లు, వాటి పక్కనే విడిగా అమ్మడానికి తెరిచిపెట్టిన సిగరెట్ పెట్టె. చాక్లెట్ కోసం మునివేళ్ల మీద లేచి చెయ్యి చాచే పిల్లవాడి కళ్లకు ముందు ఆనేది ఆ సాచెట్లే. కొన్నాళ్లకు వాటి రంగులు, పేర్లు, ధరలు అన్నీ నోటికొస్తాయి. ఎవరూ నేర్పక్కర్లేదు.

కొన్ని ఇళ్లలో నేర్పుతాం కూడా. ఇంటికి చుట్టం వస్తే, “బిడ్డా, దుకాణం కాడికి ఉరికి రెండు సిగరెట్లు పట్కరా పో” అని పిల్లవాణ్ణి పంపడం మన ఊళ్లలో ఎవరికీ తప్పుగా తోచదు. చిల్లర మిగిలితే చాక్లెట్ కొనుక్కోమంటాం. తాతకు అంబర్ ప్యాకెట్, నాయినకు బీడీ కట్ట తెచ్చిపెట్టిన చేతికి ఆ వస్తువు కొత్త కాదు, కొట్టాయనకు ఆ పిల్లవాడు కొత్త కాదు. రెండేళ్లు పోయాక అదే పిల్లవాడు తనకోసం కొనుక్కుంటూ “నాయిన తెమ్మన్నడు” అంటే చాలు, మళ్లీ అడిగేవాడు ఉండడు. పిల్లలు పొగాకు జోలికి పోకుండా ఏం చేయాలని అడిగే తల్లిదండ్రులకు మొదట చెప్పాల్సింది ఇదే. ఆ పనికి పిల్లల్ని పంపకండి. దీనికి పైసా ఖర్చు లేదు, ఉపన్యాసమూ అక్కర్లేదు.

ఇంత చిన్న వయసు గురించి ఎందుకు మాట్లాడుతున్నానంటే, లెక్కలు అలా ఉన్నాయి. 2019లో దేశమంతటా బడిపిల్లల మీద గ్లోబల్ యూత్ టొబాకో సర్వే నాలుగో విడత జరిగింది. 13 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు అందులో తేలింది. అబ్బాయిల్లో 9.6 శాతం, అమ్మాయిల్లో 7.4 శాతం. “మాకు ఆడపిల్లే కదా” అని నిశ్చింతగా ఉండే తల్లులు ఈ రెండో అంకెను ఇంకోసారి చదవాలి. అంతకన్నా కలవరపెట్టేది మొదలుపెట్టిన వయసు. ఎప్పుడైనా సిగరెట్ తాగిన పిల్లల్లో 38 శాతం, బీడీ తాగినవారిలో 47 శాతం, నమిలే పొగాకు రుచి చూసినవారిలో 52 శాతం మంది ఆ పని మొదటిసారి చేసింది పదో పుట్టినరోజు రాకముందే.

మనమేమో పదో తరగతి పరీక్షలు అయ్యాక, కోదాడలోనో సూర్యాపేటలోనో ఇంటర్‌లో చేర్పించి, హాస్టల్ గేటు దగ్గర పెట్టె దించుతూ “చెడు సావాసాలు చెయ్యకు బిడ్డా” అంటాం. అప్పటికి ఆరేడేళ్లు ఆలస్యమైంది. ఈ మాట నాలుగో తరగతిలోనో, అయిదో తరగతిలోనో మొదలుకావాలి.

ఆ వయసులో పెద్ద మాటలు పనికిరావు. బస్సు కోసం నిలబడ్డప్పుడు పక్కన ఎవరో పొగ వదిలితే “ఆ వాసన నీకెట్లుంది?” అని అడిగితే చాలు. గోడమీద ఎర్రటి ఉమ్మి మరకలు చూసినప్పుడు అవి ఎక్కడివో చెప్పొచ్చు. మీ ఇంటి పెద్దాయన ఎవరైనా దగ్గుతూ ఉంటే, ఆయన్ను కించపరచకుండా, “తాత చిన్నప్పుడు మొదలుపెట్టిండు, మానాలని ఉన్నా మానలేకపోతున్నడు” అనొచ్చు. చివరి మాట ముఖ్యం. పొగాకు వాడేవాళ్లందరూ చెడ్డవాళ్లని చెబితే పిల్లవాడు నమ్మడు. ఎందుకంటే తను ప్రేమించే తాత చెడ్డవాడు కాదని వాడికి తెలుసు. తాతను ఆ వస్తువు పట్టుకుందని చెబితే నమ్ముతాడు, ఎందుకంటే అది నిజం. ఇలాంటి మాటలు ఏడాదికి పది సార్లు, ఒక్కోటి రెండు నిమిషాలు నడిస్తే ఏడాదికొకసారి గంటసేపు ఇచ్చే క్లాసు కన్నా ఎక్కువ మిగులుతుంది.

ఇప్పుడు ఆ వస్తువు ఎట్లా పట్టుకుంటుందో కొంచెం నిదానంగా చూడాలి. ఇది అర్థమైతే తల్లిదండ్రుల కోపం సగం తగ్గుతుంది.

పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఆకలి మీద అన్నం తిన్నప్పుడు, మంచి మార్కులు వచ్చినప్పుడు, కబడ్డీలో పాయింటు తెచ్చినప్పుడు కలిగే తృప్తి వెనక ఉండేదీ అదే. అన్నానికి ఆకలి కావాలి, మార్కులకు చదువు కావాలి, సిగరెట్‌కు మాత్రం ఏదీ అక్కర్లేదు. కొన్నాళ్లకు మెదడు తన అమరికనే మార్చుకుంటుంది. నికోటిన్‌ను అందుకునే గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది, అవి తమ వాటా తమకు కావాలని అడగడం మొదలుపెడతాయి. రక్తంలో చేరిన నికోటిన్ రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు పుడుతుంది, పుస్తకం మీద మనసు నిలవదు. ఇంకొకటి వెలిగిస్తే ఆ చిరాకు పోతుంది. “సిగరెట్ తాగితే టెన్షన్ పోతుంది” అని పిల్లవాడు నిజాయితీగానే నమ్ముతాడు. ఆ టెన్షన్‌ను తెచ్చిపెట్టింది అంతకుముందు తాగిన సిగరెట్టేనని వాడికి ఎవరూ చెప్పి ఉండరు. ఈ ఒక్క ముక్క పిల్లలకు విడమరిచి చెప్పండి. నా అంచనాలో క్యాన్సర్ బొమ్మ కన్నా ఇది బలంగా పనిచేస్తుంది.

పెద్దవాళ్ల కన్నా పిల్లలు త్వరగా చిక్కడానికి కారణం ఉంది. ముందూవెనకా ఆలోచించి ఆగమని చెప్పే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల దాకా పెరుగుతూనే ఉంటుంది. సరదాను కోరే భాగం మాత్రం పదమూడు, పద్నాలుగేళ్లకే ఉరకలేస్తుంది. రోజూ తాగే దశకు రాకముందే, అప్పుడొకటి ఇప్పుడొకటి తాగుతున్నప్పుడే, కొందరు పిల్లల్లో అలవాటు లక్షణాలు కనిపిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి “ఎప్పుడో ఒకటి, దోస్తులతో” అనే మాటను కొట్టిపారేయకూడదు. అట్లాగని ఆ ఒక్కదానికి కొంప మునిగిందని గుండెలు బాదుకోనూ కూడదు.

పొగాకు అనగానే మనకు సిగరెట్టే గుర్తొస్తుంది. మన రాష్ట్రం సంగతి వేరు. 2016–17లో జరిగిన పెద్దల సర్వే ప్రకారం తెలంగాణలో 17.8 శాతం మంది పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారు 8.3 శాతమైతే, నమిలే పొగాకు వాడేవారు 10.1 శాతం. గుట్కా, ఖైనీ, అంబర్, జర్దా అన్నీ ఈ లెక్కలోవే. పిల్లలకు ఇవి మరీ సులువు. పొగ రాదు, వాసన తక్కువ, తరగతి గదిలో చివరి బెంచీ మీద కూర్చుని కూడా దవడలో పెట్టుకోవచ్చు. ఖైనీలో సున్నం ఎందుకు కలిపి నలుపుతారో చాలామందికి తెలియదు. సున్నం వల్ల పొగాకులోని నికోటిన్ నోటి పొరలోంచి రక్తంలోకి తేలిగ్గా దిగుతుంది. సిగరెట్ కన్నా ఇది ‘మెత్తనిది’ అనుకోవడం ఉత్త భ్రమ.

మన రాష్ట్రంలో గుట్కా నిషేధం ఉంది కదా అనొచ్చు. ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లోనే వచ్చింది, తెలంగాణలో 2024 మే నెలలో మళ్లీ ఏడాదికి ఉత్తర్వు ఇచ్చారు. అయినా గుట్కా సంచులు పట్టుకున్న వార్త పత్రికల జిల్లా పేజీలో తరచూ కనబడుతూనే ఉంటుంది. అమ్మేవాళ్లకు ఇంకో దారి కూడా దొరికింది. పాన్ మసాలా ఒక ప్యాకెట్‌లో, జర్దా మరో ప్యాకెట్‌లో అమ్ముతారు. కొన్నవాడు రెండూ అరచేతిలో కలుపుకుంటాడు. నిషేధించిన సరుకు అక్కడే తయారవుతుంది.

పాన్ మసాలాలో తల్లులు ప్రత్యేకంగా గమనించాల్సింది వక్క. “వాడు తినేది ఉత్త పాన్ మసాలానే, అందులో పొగాకు లేదు” అని సమాధానపడే ఇళ్లు చాలా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలవని వక్కను కూడా మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది. క్యాన్సర్ దాకా పోకముందే వక్క చేసే చెరుపు ఒకటుంది. నోటి లోపలి పొర కింద నారలాంటి కణజాలం పేరుకుని బుగ్గలు గట్టిపడతాయి, నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తుంది. మొదట కనిపించే గుర్తు మన ఇళ్లలో ఇట్టే దొరుకుతుంది. చిన్నప్పటి నుంచి ఆవకాయ, పచ్చిమిరప తొక్కు మామూలుగా తిన్న పిల్లవాడు ఉన్నట్టుండి “కారం మండుతుందే అమ్మా, పెరుగన్నం పెట్టు” అంటాడు. రోజూ అదే మాటైతే నోరు తెరిపించి చూడండి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టించి చూడమనండి. పట్టకపోతే, లోపల తెల్లటి మచ్చ కనిపిస్తే, ఆ వారంలోనే దంత వైద్యుడి దగ్గరికి పోవాలి. గట్టిపడ్డ పొర పూర్తిగా మునుపటిలా కావడం కష్టం. వక్క మానేస్తే అది ఇంకా ముదరకుండా చూసుకోవచ్చు.

ఇక భయపెట్టడం సంగతి. సినిమా హాల్లో పొగాకు మీద వచ్చే హెచ్చరిక ప్రకటనలు తెలుగు పిల్లలకు కంఠతా వచ్చు. ముఖేష్ అనే యువకుడి కథ చూడనివాళ్లు లేరు. ఇంకో ప్రకటనలోని మాటనైతే దర్శకుడు తరుణ్ భాస్కర్ 2018లో తన సినిమాకు పేరుగా పెట్టుకున్నాడు, ‘ఈ నగరానికి ఏమైంది’ అని. హాల్లో ఆ ప్రకటన వస్తే కుర్రాళ్లు దాంతోపాటు గొంతు కలిపి నవ్వేవారు. ముఖేష్ ఇరవై నాలుగేళ్లకే నోటి క్యాన్సర్‌తో చనిపోయాడు, అందులో నవ్వాల్సింది ఏమీ లేదు. కానీ ఒకే భయాన్ని వందసార్లు చూపిస్తే అది భయంగా మిగలదు. పదిహేనేళ్ల వాడికి యాభై ఏళ్ల వయసు తనది కాదు, వేరే ఎవరిదో. అప్పుడు వచ్చే జబ్బు కూడా వేరే ఎవరిదో.

వాడికి పట్టేవి ఈ వారం సంగతులు. కబడ్డీ ఆడేవాడైతే కూత గురించి మాట్లాడండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట కూర్చుంటుంది, అవతలి కోర్టులో కూత తెగిపోతుంది. తాగడం ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే ఆ వాయువు దిగిపోతుందని కూడా చెప్పండి, అది ఆశ పెట్టే సంగతి. డబ్బు లెక్క వేయించండి. సిగరెట్ ఇరవై రూపాయలనుకుంటే రోజుకు రెండు చొప్పున ఏడాదికి 14,600 రూపాయలు. ఆ లెక్క మీరు చెప్పకండి, వాడి చేతే ఫోన్‌లో కొట్టించండి. వాడు కొనాలనుకుంటున్న సైకిలో, ఫోనో వాడికే గుర్తొస్తుంది.

అన్నిటికన్నా కుర్రతనానికి తగిలేది, తనను ఎవరో మోసం చేస్తున్నారన్న ఎరుక. పొగాకు వల్ల మన దేశంలో ఏటా 13 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. పోయినవాళ్ల చోట కొత్త గిరాకీ రావాలి, అది కుర్రవాళ్ల నుంచే రావాలి. వ్యాపారం నిలబడాలంటే వేరే దారి లేదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 1998లో సరిగ్గా ఈ పాయింటు మీదే ప్రచారం నడిపింది. ఊపిరితిత్తుల బొమ్మలు పక్కనపెట్టి, కంపెనీలు కుర్రవాళ్లకు గాలం ఎట్లా వేస్తాయో కుర్రవాళ్ల చేతే చెప్పించింది. రెండేళ్లలో అక్కడి మిడిల్ స్కూళ్లలో సిగరెట్ తాగే పిల్లలు 18.5 శాతం నుంచి 11.1 శాతానికి తగ్గారు. “తాగకురా” అంటే ఎదురు తిరిగే పిల్లవాడే, “నిన్ను వాళ్లు గిరాకీ కింద లెక్కేసుకున్నరు” అంటే ఆలోచనలో పడతాడు.

మొదటి సిగరెట్‌ను పిల్లవాడు సాధారణంగా కొనడు. ఎవరో ఇస్తారు. ఆ ఇచ్చేవాడు దుర్మార్గుడు కాదు, వాడికన్నా రెండు మూడేళ్లు పెద్దవాడు, వాడు మెచ్చే ‘అన్న’. ఇది కొత్తగా వచ్చిన తంతు కూడా కాదు. కన్యాశుల్కం నాటకంలో వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పింది గిరీశమే. కాబట్టి “ఎవరితో తిరుగుతున్నవ్?” అని ఆరా తీయడం కన్నా, ఇచ్చినప్పుడు వద్దనడం ఎట్లాగో ఇంట్లోనే ఒకటి రెండుసార్లు ఆడించి చూడటం మేలు. సినిమా డైలాగులు అక్కర్లేదు. “వద్దు మామా, నాకు పడది” అన్నా చాలు. “రేపు సెలెక్షన్ ఉంది” అనొచ్చు. అవసరమైతే నెపం మీ మీదకు నెట్టమనండి, “మా నాయిన వాసన పడతడు, నన్ను సంపుతడు” అని. దోస్తుల ముందు పరువు పోకుండా తప్పుకునే దారి ఉంటే పిల్లలు వాడుకుంటారు. లేకపోతే తీసుకుంటారు.

హాస్టల్ పిల్లల విషయం ఇంకొంచెం కష్టం. ఇంటర్ రెండేళ్లు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, ర్యాంకుల పట్టిక. ఆ ఒత్తిడిలో ఒక దమ్ము కొట్టి రావడమే వాళ్లకు దొరికే అయిదు నిమిషాల స్వేచ్ఛ. ఆదివారం ఫోన్‌లో మనం అడిగే మొదటి ప్రశ్న “మార్కులెన్ని?” అయితే, రెండో ప్రశ్నకు నిజం రాదు. “తిన్నవా, నిద్ర పడుతుందా, ఎవరన్నా సతాయిస్తున్నరా?” ఇవి ముందు అడగండి. హాస్టల్‌లో ఎవరెవరు తాగుతున్నారో వాడే ఒకరోజు చెబుతాడు. చెప్పినప్పుడు వార్డెన్‌కు ఫోన్ చేసి ఆ పేర్లు అప్పగించకండి. ఇక మీదట మీకు ఏమీ చెప్పడు.

ఇంత చేసినా ఒకరోజు ప్యాంటు జేబులో ప్యాకెట్ దొరకొచ్చు. ఆ రాత్రి ఏం జరుగుతుందన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. మన ఇళ్లలో జరిగేది ఒకటే, తండ్రి బెల్టు తీయడం, తల్లి ఏడుస్తూ మేనమామకు ఫోన్ చేయడం, తెల్లారేసరికి కుటుంబమంతా తెలియడం. ఫలితం కూడా ఒకటే. పిల్లవాడు తాగడం మానడు, దాచుకోవడం నేర్చుకుంటాడు. తర్వాత జేబులో మౌత్ ఫ్రెష్‌నర్ ఉంటుంది, ప్యాకెట్ మాత్రం దొరకదు.

కోపం తగ్గేదాకా ఆగండి, మర్నాడైనా ఫర్వాలేదు. ఇద్దరిలో ఎవరితో వాడికి చనువుంటే వాళ్లే మాట్లాడాలి, ఒంటరిగా. నడుస్తూనో, బండి మీద పోతూనో మాట్లాడితే ఇంకా మంచిది, ఎదురెదురుగా కూర్చుంటే అది పంచాయితీ అవుతుంది. “బిడ్డా, నీ ప్యాంటు ఉతుకుతుంటే ఇది దొరికింది. కొట్టను. ఎట్ల మొదలైందో చెప్పు” అంతే. నూటికి తొంభై మంది “నాది కాదు, దోస్తుది” అంటారు. పోలీసుల్లా ఆరా తీయకండి. “సరే. ఒకవేళ నీదే అయితే నాకు చెప్పు. కోపమొస్తది, కానీ నిన్ను ఇడిచిపెట్ట” అని వదిలేయండి. రెండు మూడు రోజుల్లో మాట తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు ముందు మీరు వినాలి. రోజుకు ఎన్ని, ఎప్పుడు, ఎవరితో, మానాలని ఎప్పుడైనా ప్రయత్నించాడా అన్నవి తెలిస్తేనే సాయం చేయగలరు. పాకెట్ మనీ పూర్తిగా ఆపేయడం కన్నా దేనికి ఖర్చవుతోందో కలిసి చూసుకోవడం నయం.

మానడానికి ఒక తేదీ వాడే పెట్టుకోవాలి. వారంలోపు ఉండాలి, పరీక్షల మధ్యలో పడకూడదు. ఆ రోజుకు ముందు జేబులు, బ్యాగు, బండి డిక్కీ ఖాళీ చేయాలి. నికోటిన్ అందని శరీరం కొన్ని గంటల్లోనే గోల మొదలుపెడుతుంది. రెండో రోజు, మూడో రోజు బాగా కష్టం. చిరాకు, తలనొప్పి, ఆకలి, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఆ రోజుల్లో వాడు తలుపులు విసిరికొడితే అది మీ మీద కోపం కాదని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. ‘ఇప్పుడే కావాలి’ అన్న తపన కొన్ని నిమిషాలే ఉంటుంది, అది దాటితే తగ్గిపోతుంది. ఆ కొన్ని నిమిషాలు గడపడానికే చల్లటి నీళ్లు, గట్టిగా నాలుగైదు ఊపిరులు, సోంపు, పల్లీలు, బయటికి ఒక చుట్టు నడక. వక్కపొడి మాత్రం వద్దు. టీ తాగగానే అలవాటైతే కొన్నాళ్లు టీ కొట్టు వైపు పోకుండా చూడాలి.

మధ్యలో ఒకటి తాగేస్తాడు. ఇది దాదాపు ఖాయం. పెద్దవాళ్లే చాలామంది పలు ప్రయత్నాల తర్వాత గానీ మానలేరు. “నీ బతుకింతే” అని ఆ రోజు అంటే అంతటితో కథ ముగుస్తుంది. “పన్నెండు రోజులు ఉన్నవ్ కదా, ఈసారి ఏడ జారింది?” అని అడిగితే ముందుకు నడుస్తుంది.

మందుల విషయంలో జాగ్రత్త. మెడికల్ షాపులో దొరికే నికోటిన్ గమ్ పెద్దవాళ్లకోసం ఉద్దేశించింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. పిల్లల్లో మందులు ఎంతవరకు పనిచేస్తాయన్నదానికి ఆధారాలు తక్కువ, మాటసాయానికే పెద్దపీట. కొందరు కుర్రాళ్లు ‘సిగరెట్ మానడానికి’ అని వేప్ కొంటారు. చూడటానికి పెన్ డ్రైవ్‌లా, స్కెచ్ పెన్‌లా ఉంటుంది. అందులో ఉండేదీ నికోటినే. 2019 నుంచి ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ దేశమంతటా నేరం. హుక్కా పార్లర్లను కూడా తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో చట్ట సవరణతో నిషేధించింది.

మాటసాయం అంటే ఇంట్లోవాళ్లదే కానక్కర్లేదు. సిగరెట్, ఖైనీ ప్యాకెట్ల మీద 2018 సెప్టెంబర్ నుంచి ఒక ఉచిత నంబరు అచ్చవుతోంది, 1800-11-2356. కౌన్సెలర్ మాట్లాడి, మానే తేదీ పెట్టించి, మళ్లీ తనే ఫోన్ చేసి కనుక్కుంటారు. దిగులు, ఆందోళన కూడా ఉన్నట్టు అనిపిస్తే 14416కు ఫోన్ చేయొచ్చు, అది కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్. నేరుగా డాక్టరుతో మాట్లాడాలంటే కోదాడ సర్కారు దవాఖానా ఉంది, సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పిల్లవాడు ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మీరు పక్కన నిలబడకండి.

తండ్రి తాగేవాడైతే ఇదంతా ఎట్లా చెప్పాలి? చాలా ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే. తల్లిదండ్రులు తాగే ఇళ్లలో పిల్లలు మొదలుపెట్టే అవకాశం దాదాపు రెట్టింపు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వేల కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించినప్పుడు, పిల్లలు మూడో తరగతికి చేరేలోపే తల్లిదండ్రులు మానేసిన ఇళ్లలో, ఆ పిల్లలు పన్నెండో తరగతికి వచ్చేసరికి రోజూ తాగేవారు గణనీయంగా తగ్గారని తేలింది. అంటే నాయిన మానడం ఉపదేశం కన్నా పెద్ద మందు. మానలేకపోతున్నా చెప్పే హక్కు పోదు. “నేను నీ వయసులో మొదలుపెట్టిన. ఇరవై ఏండ్లసంది ఇడవలేకపోతున్న. అందుకే నీకు చెప్తున్న” అనే తండ్రి మాటను పిల్లవాడు తోసెయ్యలేడు. ఇంటి లోపల, బండి మీద, పిల్లల ముందు తాగనని నియమం పెట్టుకోవడం ఈ రోజు నుంచే వీలవుతుంది. వీలైతే తండ్రీకొడుకులు ఒకే తేదీ పెట్టుకోవడం మంచిది. ముందు జారేది తండ్రే కావొచ్చు. అది దాచకుండా కొడుకుతో చెప్పాలి.

చివరగా కొట్టు సంగతి. పద్దెనిమిదేళ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదని, విద్యాసంస్థకు వంద గజాల లోపు అసలే అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. కానీ జరిమానా 200 రూపాయల లోపే. అంతమాత్రపు చట్టానికి ఎవరు జడుస్తారు? అసలు కోరలున్నది 2015 నాటి బాలల న్యాయ చట్టానికి. పిల్లలకు పొగాకు ఇచ్చినా, ఇప్పించినా 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఈ సంగతి మన కొట్లవాళ్లలో చాలామందికి తెలియదు. మునగాల లాంటి ఊళ్లో కొట్టాయన పరాయివాడు కాదు, ఎవరికో బాబాయి, ఎవరికో మామ. కాబట్టి మొదట కేసు పెట్టక్కర్లేదు. నలుగురు తల్లులు కలిసిపోయి, “మా పిల్లలు ఎవరి పేరు చెప్పినా ఇవ్వొద్దు, మేము ఇక పిల్లల్ని పంపం” అని చెబితే వింటాడు. వినకపోతే పోలీస్ స్టేషన్ ఎట్లాగూ ఉంది.

బడి చుట్టూ వంద గజాలంటే దాదాపు 91 మీటర్లు, ప్రహరీ గోడ నుంచి అన్ని వైపులా కొలవాలి. ఆ హద్దు తెలిసేలా రోడ్డు మీద పసుపు గీత గీయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో బడులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల సంగతి అయ్యాక హెడ్మాస్టరును ఆ గీత ఎక్కడుందో చూపించమని అడగండి. లేకపోతే అదే రోజు టేపు పట్టుకుని నలుగురు కలిసి కొలవండి, హద్దు లోపల ఉన్న డబ్బాల జాబితా రాసి, బడి తరఫున పంచాయతీకి, పోలీసులకు దరఖాస్తు ఇవ్వండి.